అత్తగారి పన్నెండో గస్తీ

రేవు దగ్గర అద్దె గది,
ఫిబ్రవరి 9

బాబాయ్,

మనవాళ్ళు దినపత్రికని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా, చివరికి తప్పిపోయిన కుక్కల ప్రకటనలతో సహా చదువుతారు. నన్ను మాత్రం శీర్షిక చూసి మడిచి పక్కన పెట్టేస్తారు. శీర్షిక: నిలకడ లేని పిల్ల.

మూడేళ్ళలో మూడు ఉద్యోగాలు మానేసిన మాట నిజమే. మొదటి చోట ఫిజిక్స్ డిగ్రీ ఉన్న నాచేత సీసాలు కడిగించారు. రెండో చోట ఒకే ఫారాన్ని రోజుకి తొంభైసార్లు నింపాను. మూడో చోట నా పనేమిటో చెప్పేవాళ్ళే లేక నాలుగు నెలలు కిటికీలోంచి పావురాల సంసారం చూశాను. నేను కదలకుండా కూర్చోలేనని కాదు బాబాయ్, ఏమీ జరగని చోట కూర్చోలేను. ఈ రెండింటికీ తేడా ఉందంటే అమ్మ "అబ్బో" అంటుంది. నాన్న "నాలుగోది ఎన్నాళ్ళు?" అంటాడు. అత్తయితే రేవు ఊళ్ళో నాకెవరో ఉన్నారని తేల్చేసింది.

ఉన్నారు. ఎనభై అయిదు మీటర్ల పొడవు, ఒళ్ళంతా నలుపు, ముప్ఫై ఒక్కేళ్ళ వయసు, కడుపులో అణు రియాక్టర్.

ఈ నిందకి మూలం నువ్వే. నన్ను 'గిరగిర' అని మొదట పిలిచింది నువ్వట కదా! నువ్వు ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టావో, అందరూ దాన్ని సాక్ష్యంగా చూపిస్తున్నారు. "బొంగరం బొంగరమే, చూడు, పుట్టగానే కనిపెట్టాడు వాళ్ళ బాబాయ్!" ఎందుకు పెట్టావో రాయి. ఆ లెక్క తరవాత తేల్చుకుంటాను.

అసలు సంగతి విను. నాకు నౌకాస్థావరం రికార్డుల గదిలో ఆరు నెలల పని దొరికింది. జూన్ చివర ఒక జలాంతర్గామి పదవీ విరమణ చేస్తోంది. దాని సేవా చరిత్ర పుస్తకంగా వెయ్యాలి. రాసేది నేను. ఆ జలాంతర్గామి ఏదో చెప్పుకో? నువ్వు పన్నెండేళ్ళు రొట్టెలు కాల్చిన అత్తగారు! కాగితం మీద దానికి ఏదో గంభీరమైన పేరుంది గాని ఇక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఎందుకలా అని మా పెద్ద గుమాస్తాని అడిగితే, "ఎక్కడుందో కనపడదు, నోరు మెదపదు, అన్నీ వింటుంది. ఇంకేం పేరు పెట్టమంటావమ్మా?" అన్నాడు.

రికార్డుల గది గోడమీద ఒక ప్రకటన ఉంది. జలాంతర్గాముల రియాక్టర్ విభాగంలో శిక్షణకి ఈ ఏడు మొదటిసారిగా ఆడవాళ్ళని తీసుకుంటున్నారు. ఫిజిక్స్ చదివి ఉండాలి. చివరి తేదీ జూన్ ముప్ఫై. ఫారం తెచ్చుకున్నాను. ఫోన్లో చెప్పానో లేదో నాన్న, "వద్దు. నీళ్ళ కిందికి పోయినవాళ్ళకి పైన మనుషులున్నారని గుర్తుండదు. కావాలంటే మీ బాబాయ్‌ని చూడు. నువ్వు పుట్టావని కబురు పంపితే నెల దాటినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. తీరా వచ్చి 'పాప బాగుందా' అన్నాడు, పక్కింటి దూడ గురించి అడిగినట్టు!" అన్నాడు.

ఇది నిజమేనా? నువ్వు ఒక్క మాట చెబితే నాన్న మెత్తబడతాడు. ఫారం నా బల్లమీద ఖాళీగా ఉంది. నాకు ఇంతగా కావాలనిపించింది ఇంతవరకూ ఏదీ లేదు.

నీ
గిరగిర (ఇష్టం లేకపోయినా)


రొట్టెల కొట్టు,
ఫిబ్రవరి 20

గిరగిరమ్మా,

నీ ఉత్తరం పొయ్యి ముందు నిలబడి చదివాను. ఒక వరస బన్నులు మాడాయి. మీ పిన్ని వాటిని నాకే పెడుతోంది, రోజూ.

అత్తగారి చరిత్ర రాస్తున్నానన్నావు. పెద్దవాళ్ళు రియాక్టర్ గురించి రాస్తారు, నేను పిండి గురించి చెబుతా. ఆ రియాక్టర్లో ఒకసారి ఇంధనం వేస్తే పాతికేళ్ళు ఢోకా లేదు. గాలి అదే చేసుకుంటుంది, మంచినీళ్ళు అదే చేసుకుంటుంది. మరి డెబ్భై రోజులకే ఎందుకు పైకి రావాలి? పిండి అయిపోతుంది గనక! అంత పెద్ద అణుశక్తికి హద్దు గీసేది వంటవాడి డబ్బా. ఈ ముక్క మా కెప్టెన్ ముందు అన్నాను ఒకసారి. "ఆ సంగతి శత్రువుకి తెలియనివ్వకు" అన్నాడాయన.

బయల్దేరేటప్పుడు సామాను పెట్టడానికి చోటుండదు. నడిచే దారంతా డబ్బాలు పరిచి, మీద అట్టలు వేసి, వాటి మీదే వంగి వంగి నడిచేవాళ్ళం. తింటున్నకొద్దీ నేల కిందికి దిగేది. నెల తిరిగేసరికి తల నిటారుగా ఎత్తుకుని నడిచేవాళ్ళం. కొత్తగా వచ్చినవాడు తను పొట్టివాడవుతున్నాడేమో అనుకునేవాడు.

లోపల సూర్యుడు లేడు. గుడ్లు పెడితే పొద్దున, సూప్ పెడితే రాత్రి. ఒకసారి నేను పొరపాటున సూప్ బదులు గుడ్లు పెట్టాను. నూట పదిమంది పళ్ళు తోముకున్నారు!

ఎవరి వెనకైనా చప్పుడు కాకుండా పోవాల్సి వస్తే మాత్రం వేరే లోకం. బూట్లు విప్పేసి మేజోళ్ళతో తిరగాలి. పిండి కలిపే యంత్రం బంద్, చేత్తోనే. గరిటెలన్నీ చెక్కవి. ప్రతి మూతనీ దాని గిన్నెకి గుడ్డపేలికతో కట్టెయ్యాలి. ఉప్పు చల్లినా మెల్లగా చల్లేవాణ్ణి. సరే, మూతల గొడవ మనకెందుకులే.

మీ నాన్న చెప్పింది నిజమే. వారానికోసారి ఇంటినుంచి నలభై మాటల కబురు వచ్చేది. అది వచ్చే దారేగాని పోయే దారి కాదు. నీళ్ళ కిందనుంచి మేం ఒక్క మాట పంపినా ఎక్కడున్నామో లోకానికి తెలిసిపోతుంది. ఈ సంగతి మీ నాన్నకి వందసార్లు చెప్పాను. "మనసుంటే మార్గం లేకపోయిందా" అంటాడు. లెక్కల మాస్టారికి లెక్క చెప్పగలనుగాని మనసు చెప్పలేను.

దూడ అన్నాడా? నేను ఇంకా నెమ్మదిగానే అడిగినట్టు గుర్తు.

ఫారం సంగతి నన్ను అడక్కు. అన్నయ్య మాటకి అడ్డం చెప్పే ముఖం నాకు లేదు.

బాబాయ్


రికార్డుల గది, రేవు,
మార్చి 17

బాబాయ్,

నూట పదిమంది పళ్ళు తోముకున్న సంగతి పుస్తకంలో వేశాను. గీతల మాస్టారు ఒప్పుకున్నాడు. ఈయనెవరో నీకు చెప్పలేదు కదా? రహస్యాల మీద నల్ల గీతలు కొట్టే అధికారి. నేను రాసిందంతా ఆయన బల్ల మీదుగా పోవాలి. చేతిలో లావుపాటి పెన్ను, ముఖంలో తద్దినం పెట్టే గాంభీర్యం. నిన్న ఒక పేజీ తిరిగొచ్చింది. అందులో మిగిలిన మాటలు మూడు: 'తరవాత', 'అయితే', 'మంచినీళ్ళు'. "పేజీ చాలా బాగుంది" అని అంచున రాశాడు.

అత్తగారి గస్తీలు మొత్తం ఇరవై ఆరు. ఇరవై అయిదింటి గురించి బోలెడు ఉంది. మంచు కింద పోయింది, తుఫానులో దారి తప్పిన చేపల పడవకి దారి చూపించింది, ఒకసారి తిమింగలం ఒకటి మనసు పారేసుకుని మూడు రోజులు వెంటే ఈదింది (దీన్ని కూడా కొట్టెయ్యబోయాడు. "తిమింగలం ఏ దేశానిదో తెలియదు కదా" అని. పెద్ద గుమాస్తా పోట్లాడి కాపాడాడు).

పన్నెండో గస్తీకి మాత్రం ఒకే ఒక్క వాక్యం. "పంతొమ్మిది రోజుల వేట తరవాత యంత్ర సంబంధమైన శబ్దం వల్ల విరమణ." అంతే! అత్తగారి ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో పట్టుకున్న కొంగు వదిలేసింది ఆ ఒక్కసారే.

ఏ యంత్రం అని మరమ్మతుల పుస్తకం తీశాను. తిరిగొచ్చాక ఒక్క యంత్రాన్నీ విప్పలేదు. ఒక్క మర కూడా బిగించలేదు. శబ్దం చేసిన యంత్రాన్ని బాగు చెయ్యకుండా మళ్ళీ నీళ్ళ కిందికి పంపుతారా? ఇంట్లో ఫ్యాను కిర్రుమంటేనే నాన్న నిచ్చెన వేస్తాడు.

ఇంకోటి. ఆ గస్తీ తేదీలు చూశావా? సరిగ్గా మధ్యలో నేను పుట్టాను. అంటే ఆ గస్తీలో నువ్వున్నావు. శబ్దం నువ్వు వినే ఉంటావు. ఏమిటది?

గిరగిర


రొట్టెల కొట్టు,
మార్చి 29

అమ్మాయికి,

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు ముదిరాయి. యంత్రం అంటే యంత్రమే. పాతికేళ్ళ నాటి మాట, నాకు గుర్తులేదు. రాసింది రాసినట్టు అచ్చు వేసెయ్యి. ఆరోగ్యం జాగ్రత్త.

బాబాయ్

కింద నేను రాస్తున్నా తల్లీ, మీ పిన్నిని. ఆయన కొట్టులోకి వెళ్ళాడు. నీ ఉత్తరం వచ్చిన రోజు పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాడు. మర్నాడు అసలు వెయ్యలేదు. వచ్చినవాళ్ళు రెండు రోజుల రొట్టెలూ కలిపి తింటే సరిపోతుందంటున్నారు. 'గుర్తులేదు' అని రాయడానికి ఈయన నాలుగు కాగితాలు చింపాడు. గుర్తులేనివాడికి ఒక్క కాగితం చాలదూ? నువ్వు అడుగుతూనే ఉండు.


అద్దె గది,
ఏప్రిల్ 22

బాబాయ్, పిన్నీ,

మా ఇంటావిడ నన్ను ఖాళీ చెయ్యమనేలా ఉంది. ఎందుకో వరసగా చెబుతాను.

అత్తగారిలో సోనార్ దగ్గర కూర్చుని సముద్రాన్ని విన్న మనిషి ఒకాయన రిటైరై ఈ ఊళ్ళోనే ఉన్నాడు. అందరూ చెవుల తాత అంటారు. నేను మెట్లెక్కుతుంటేనే లోపల్నుంచి "కుడి చెప్పు వారు తెగేలా ఉందమ్మా, చూసుకో" అన్నాడు. తెగింది.

పన్నెండో గస్తీలో ఏ యంత్రం చప్పుడు చేసింది తాతగారూ అని అడిగాను. అంతే, అడిగింది అంతే! ఆయన టీ కప్పు కింద పెట్టి, "మూతల గురించి నాకేమీ తెలియదు" అన్నాడు.

బాబాయ్, నేను మూత అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నేనలాగే చూస్తూ కూర్చున్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, అవి చిన్న చెవులేం కావు. "నేను ఒట్టేశానమ్మా. కానీ లాగ్ పుస్తకం ఒట్టెయ్యలేదు కదా" అన్నాడు.

పరిగెత్తుకుంటూ వచ్చి సోనార్ లాగ్ తీయించాను. అన్నిటి మీదా నల్ల గీతలే. ఈ వాక్యం మాత్రం మిగిలింది: "5.40. మన పడవలోంచే శబ్దం. లోహం. గుండ్రనిది. పదకొండు సెకన్లు తిరిగి ఆగింది."

పదకొండు సెకన్లు తిరిగే గుండ్రటి యంత్రం! పెద్ద గుమాస్తా దగ్గర స్టాప్‌వాచీ అడిగి తెచ్చాను. ఇంటావిడ వంటింట్లో మూతలన్నీ వరసగా నేల మీద తిప్పి వదిలాను. పాలగిన్నె మూత రెండున్నర సెకన్లు. టీ గిన్నెది మూడు. కుక్కర్ మూత అసలు తిరగదు, దాని స్వభావం అది. పెద్ద డేగిసా మూత ఆరు సెకన్లు తిరిగి, గుమ్మం దాటి, ఇంటావిడ కాలి మీద ఆగింది. "ఏమ్మా, వంట నేర్చుకుంటున్నావా, యుద్ధం నేర్చుకుంటున్నావా?" అంది. రెండూ ఒకే చోట జరిగాయండీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నాకు మాత్రం కొంచెం కొంచెంగా అవుతోంది.

పదకొండు సెకన్లంటే కనీసం రెండడుగుల వెడల్పుండాలి, బరువుండాలి, మంచి ఎత్తు నుంచి పడాలి. అత్తగారి వంటగదిలో అంత మూత దేనికుంటుంది బాబాయ్? గుడ్డపేలికలతో కట్టి ఉంచే మూతల్లో ఒకటి ఎలా ఊడింది?

ఫారంలో పేరు రాశాను. పెన్సిలుతో.

గిరగిర


రొట్టెల కొట్టు,
ఏప్రిల్ 30

గిరగిరా,

మూతలతో ఆడుకోవడం మాను. నిన్ను చరిత్ర రాయమన్నారుగాని తవ్వమనలేదు. చెవుల తాతకి నా నమస్కారాలు చెప్పు. చెప్పి, ఆ చెవులకి తగిన నోరు దేవుడు ఇవ్వకుండా ఉంటే బాగుండేదని కూడా చెప్పు.

పెన్సిలు మంచిదే. చెరిపెయ్యొచ్చు.

బాబాయ్


డ్రై డాక్ పక్కన, సామాన్ల పెట్టె మీద కూర్చుని,
మే 18

బాబాయ్!

అత్తగారిలోకి వెళ్ళొచ్చాను!

రియాక్టర్‌లో ఇంధనం తీసేశారు. నీళ్ళు తోడేసిన డాక్‌లో, ఒడ్డున పడ్డ చేపలా కాక, అలిగి పడుకున్న పెద్దావిడలా ఉంది. చరిత్ర రాసేవాళ్ళకి ఒక గంట లోపలికి అనుమతి ఉందని పెద్ద గుమాస్తా ఎక్కడో ఒక నిబంధన వెతికి పట్టుకున్నాడు. అది ఆయనే రాశాడని నా అనుమానం.

నిచ్చెన దిగుతుంటే నా గుండె నా కంటే ముందు దిగింది. ఎంత ఇరుకు బాబాయ్! ఎదురుగా మనిషి వస్తే ఇద్దరూ ఊపిరి బిగబట్టాలి. ఎక్కడ చూసినా గొట్టాలు, ప్రతి గొట్టానికీ ఒక పేరు, ప్రతి పేరుకీ ఒక పని. పనిలేనిది గోరంత కూడా లేదు. నా జీవితంలో మొదటిసారి నాకు కాలు నిలిచింది. అక్కడే ఉండిపోతే బాగుండునని గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. నాతో వచ్చిన కాపలాదారు "కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగాడు. కాదండీ, ఆగాయి అన్నాను.

తరవాత వంటగది. నిలువుగా మూడు అంగలు, అడ్డంగా నాలుగు. ఇందులోనా నూట పదిమందికి రొట్టె! మూల పిండి డబ్బా ఉంది. పక్కన మూత ఉంది. రెండడుగుల మీద రెండు అంగుళాలు. అంచున ఒక నొక్కు. కాపలాదారు చూస్తుండగా ఎత్తి, తిప్పి, వదిలాను. అది కింద పడి గిరగిరా తిరిగి, తిరిగి, తిరిగి, ఇనుప గోడలన్నీ దానితో కలిసి పాడి, ఆగింది.

పదకొండు సెకన్లు.

అక్కణ్ణుంచి సరాసరి రికార్డుల గదికి వచ్చి ఆ రోజు రేడియో పుస్తకం తెరిచాను. 5.31: 'వంటవాడికి ఇంటినుంచి కబురు, అందజేశాం.' తొమ్మిది నిమిషాల తరవాత మూత. వెనకాలే కబురు నకలు కుట్టి ఉంది. నలభై మాటలు. లెక్కపెట్టాను, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. లెక్కల మాస్టారు కదా. నువ్వు ఎప్పుడో పారేసుకుని ఉంటావు, అందుకే ఎత్తి రాస్తున్నాను:

"పాప పుట్టింది. మూడు కిలోల బరువు. తల్లీబిడ్డా క్షేమం. జుట్టు అసలు లేదు. ముక్కు నీదే, పాపం. గొంతు మాత్రం మీ వదినది. ఆసుపత్రి అంతా లేచి కూర్చుంది. నేను ఏడ్చానని ఎవరైనా చెబితే నమ్మకు. కారిడార్లో నాలుగుసార్లు పరిగెత్తాను. నర్సు కోప్పడింది. పేరు నువ్వే పెట్టాలి. తమ్ముడూ, ఏదో ఒక్క మాట పలుకు. ఎదురుచూస్తుంటాను."

ఇది మా నాన్నేనా? సుద్దముక్క విరిగితే నమోదు చేసే మనిషి కారిడార్లో పరిగెత్తాడా?

బాబాయ్, ఇక చెప్పు.


రొట్టెల కొట్టు వెనక గది,
మే 27

అమ్మడూ,

పారేసుకోలేదు. నా దగ్గర అసలు కాగితం ఉంది. డ్రాయర్లో, పిండి మరకలతో. ఇన్నాళ్ళూ మీ పిన్ని కూడా చూడలేదనుకున్నాను. నిన్న తీస్తే దానికి కొత్త కవరు తొడిగి ఉంది.

సరే, విను. అప్పటికి పంతొమ్మిది రోజులు. ముందు ఒకడు పోతున్నాడు, వాడి వెనకే మేము. వాడికి మేమున్నట్టు తెలియదు. దగ్గితే తలగడలో దగ్గాం. నేను పిండి కలుపుతుంటే రేడియో కుర్రాడు వచ్చి, మాటల్లేకుండా, కాగితం నా పిండి చేతిలో పెట్టి వెళ్ళాడు. చదివాను. మళ్ళీ చదివాను. అరవకూడదు. నవ్వకూడదు. గెంతకూడదు. నూట పదిమంది మేజోళ్ళతో తిరుగుతున్నారు, నా కడుపులో మాత్రం పెళ్ళి బాజాలు! ఏం చెయ్యాలో తోచలేదు. అందరికీ తియ్యటి బన్నులు చేసి పెడదామని పిండి డబ్బా మూతకున్న పేలిక విప్పాను. అంతే. చేతిలో ఆ మూత పట్టుకుని ఒక్క చుట్టు తిరిగాను తల్లీ. ఒక్కటే చుట్టు. మేజోళ్ళు జారాయి.

పదకొండు సెకన్లు దాన్ని చూస్తూ నిలబడ్డాను. పట్టుకోవాలని కూడా తోచలేదు. అది తిరుగుతుంటే నువ్వే తిరుగుతున్నట్టుంది.

ముందున్నవాడు విన్నాడు. మాయమైపోయాడు. కెప్టెన్ మేజోళ్ళతోనే వంటగదికి వచ్చాడు. "ఏమిటది?" అన్నాడు. "పాప పుట్టిందండి" అన్నాను. ఆయన మూత వంక చూశాడు, నా వంక చూశాడు. "తల్లి క్షేమమా?" అన్నాడు. క్షేమమండి. "అయితే ఇక చప్పుడు చెయ్యొచ్చు, బన్నులు కానివ్వు" అన్నాడు. వెళ్ళి పుస్తకంలో యంత్రం అని రాశాడు. నిజం రాస్తే నన్ను పడవ దింపేవాళ్ళు. అబద్ధమని బయటపడితే ఆయన్నే దింపేవాళ్ళు. అందుకని ఆ రోజు నూట పదిమందీ బన్ను చేత్తో పట్టుకుని ఒట్టేశారు.

ఇంటికొచ్చేసరికి మీ నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని అన్నయ్యకి తెలుసు. 'పాప' అని నోరు తెరిస్తే మూత, కెప్టెన్, ఒట్టు, అన్నీ వరసగా బయటికి దొర్లుతాయి. అందుకే పళ్ళు బిగించి "పాప బాగుందా" అన్నాను. అన్నయ్య ముఖం మాడిపోయింది. అప్పటినుంచి అలాగే ఉంది.

పేరు నువ్వే పెట్టాలి అన్నాడు కదా. పెట్టాను. ఉయ్యాల్లో నిన్ను చూసి మొదట అన్నమాట అదే. అది నీ నిలకడ గురించి కాదు.

రెండు మాటలు అడుగుతాను. ఇది పుస్తకంలో వెయ్యకు, కెప్టెన్ ఇంకా బతికే ఉన్నాడు. ఫారం కూడా ఇవ్వకు. చీకటికో, నీళ్ళకో భయపడి కాదు. నువ్వక్కడ ఉంటే మీ నాన్న ప్రతివారం నలభై మాటలు లెక్కపెట్టి పంపుతాడు. జవాబు రాదు. ఒక మనిషికి ఇది రెండుసార్లు జరగాలా?

బాబాయ్


రికార్డుల గది,
జూన్ 28

బాబాయ్,

నువ్వడిగిన రెండు మాటల గురించి.

కెప్టెన్‌గారి దగ్గరికి చెవుల తాతని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన తోటలో గులాబీలకి నీళ్ళు పెడుతున్నాడు. నేను ఫలానా అని తాత చెప్పేలోపే నా ముక్కు చూసి గొట్టం కింద పడేశాడు. "ఈ పిల్లా? మూత పిల్లా?" అన్నాడు. నూట పదిమందికీ నేను ఆ పేరుతోనే తెలుసట. పాతికేళ్ళుగా ఎక్కడ ఇద్దరు కలిసినా "మూత పిల్ల ఎలా ఉందో, నడుస్తోందా, బడికెళ్తోందా" అనుకునేవాళ్ళట! నేను ఇంట్లో ఎవరికీ అర్థం కానని గోడకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో నూట పదిమంది నా యోగక్షేమాలు అడుగుతున్నారు. పుస్తకంలో వెయ్యనా అని అడిగాను. "వెయ్యి. డెబ్భై ఎనిమిది దాటాయి, ఇప్పుడు నన్ను ఎక్కణ్ణుంచి దింపుతారు? నా చేతిరాతలో ఉన్న అబద్ధం అదొక్కటే. పోయేలోపు దిద్దు" అన్నాడు. అదే మాట రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

గీతల మాస్టారు ఆ పేజీని రెండు రోజులు అట్టేపెట్టుకున్నాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. ఇవాళ వచ్చింది. ఎక్కడ, ఎవరి వెనక, ఎంత లోతున, అన్నిటి మీదా నలుపే. మిగిలింది ఇదీ: "పన్నెండో గస్తీ. పంతొమ్మిది రోజుల వేట. వంటగదిలో పిండి డబ్బా మూత కింద పడటం వల్ల విరమణ. కారణం: సిబ్బందిలో ఒకరి ఇంట ఆడపిల్ల జననం." అంచున, "దీనివల్ల దేశభద్రతకి ముప్పు లేదు" అని రాశాడు. కింద చిన్న అక్షరాలతో, "శుభాకాంక్షలు" అని.

అత్తగారిని ముక్కలుగా కొయ్యబోతున్నారు కనక వంటసామాను రాసుకున్నవాళ్ళకి ఇచ్చేస్తున్నారు. మూతకి నా పేరు రాయించుకుని, లాగ్ నకలు, నలభై మాటల నకలు, నీ ఉత్తరం జతచేసి నాన్నకి పంపాను. అవును, నిన్ను అడగలేదు.

మొన్న ఫోన్ చేశాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు. "పదకొండు రావడంలేదు. తొమ్మిదే వస్తోంది" అన్నాడు.

"ఇంట్లో నేల ఏటవాలుగా ఉందేమో నాన్నా."

"నాలుగుసార్లు చూశాను."

వెనకనుంచి అమ్మ, "ఏడుస్తున్నాడే" అని కేకేసింది. "అబద్ధం, నమ్మకు" అన్నాడు. ఆదివారం బస్సెక్కి నీ కొట్టుకి వస్తున్నాడు. మూత సంచిలో పెట్టుకున్నాడు. మీ నేల చదునుగా ఉందో లేదో చూస్తాడట. పిన్నీ, బన్నులు నువ్వే చెయ్యి, ఆ రోజు బాబాయ్‌ని ఉప్పు దగ్గరికి రానివ్వకు.

ఇక రెండో మాట. ఫోన్ పెట్టేసే ముందు నాన్న, "ఫారం సంగతి మాత్రం వద్దు" అన్నాడు. నీ మాటే ఆయనదీను. మీరిద్దరూ పాతికేళ్ళ తరవాత ఏకమైన మొదటి విషయం ఇది. జవాబు రాని కబురు ఎలాంటిదో మీ ఇద్దరికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నేను ఆ కబురూ చూశాను, దాని జవాబూ చూశాను. జవాబు పదకొండు సెకన్లు మోగింది, నాన్న వినలేదు, అంతే.

పెన్సిలు మీద ఇంకు దిద్దాను. ఫారం ఈ ఉదయం ఇచ్చేశాను. తీసుకున్నారంటే ఆగస్టు ఒకటిన శిక్షణలో చేరతాను.

గిరగిర